పడ్డవాడి పరంపర

వ్యాయామ ఉపాధ్యాయులుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. చెప్పడం మొదలుపెట్టగానే ఫోను చూసుకుంటారు. అందుకే రాస్తున్నాను. చదివేటప్పుడు ఫోను చూసుకున్నా నాకు కనపడదు.

నా పదోన్నతులు, బదిలీ ఉత్తర్వులు, శాలువాలు ఇందులో లేవు. శాలువాలు చలికాలంలో పనికొస్తున్నాయి. వాటి గురించి చెప్పదగిన మంచి అదొక్కటే. కోరుట్లలోనూ, సిరిసిల్లలోనూ డ్రిల్లు సారుగా పనిచేశాను. బడి వదిలాక సాయంత్రాలు ఒక ఐకిడో స్కూలు నడిపాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ డైరీ రాసే అలవాటుంది కనుక ఎవరు ఏమన్నారో చాలావరకు వాళ్ల మాటల్లోనే చెప్పగలను.

ఐకిడో జపాను వాళ్ల విద్య. మీదికి వచ్చినవాణ్ని గుద్దకుండా, తన్నకుండా, వాడి ఊపుతోనే వాణ్ని తిప్పి పడేయాలి. పుస్తకాల్లో ఇట్లా ఉంటుంది. మా స్కూల్లో ఎట్లా ఉండేదో ముందుముందు తెలుస్తుంది.

ఈ రంగంలో ఎక్కడికి పోయినా మొదటి ప్రశ్న ఒకటే: "మీ గురువు ఎవరు? ఆయన గురువు ఎవరు?" పిల్ల సంబంధానికి వచ్చినవాళ్లు గోత్రం అడిగినట్టు అడుగుతారు. నీకు ఏం వచ్చు అని మాత్రం అడగరు. ఈ ప్రశ్నకు జవాబు లేక సిరిసిల్ల అమ్మాయి స్వరూపకు రావాల్సిన ఉద్యోగం పోయేదాకా వచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే మా గురుపరంపర మొత్తం చెప్పాలి. భయపడకండి, పొడుగేమీ కాదు.

దుంకుడు నేర్పుతున్నరు గని

కోరుట్లలో నేను హైజంపు నేర్పిస్తున్న రోజులు. గుంటలో ఇసుక ఉండాలి. ఇసుకకు మంజూరైన డబ్బు ఏమైందో ఇసుకకే తెలియాలి. ఒక పిల్లవాడు కర్ర దాటి చెయ్యి కింద పెట్టి పడ్డాడు. మణికట్టు విరిగింది. వాణ్ని ఆసుపత్రికి పంపి వచ్చేసరికి, ప్రహరీ గోడ మీద కూర్చున్న ఒక మనిషి కిందికి దిగి నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, దుంకుడు నేర్పుతున్నరు గని పడుడు నేర్పరా?"

నాకు ఒళ్లు మండింది. "పడుడు నేర్పేదేందయ్యా? అందరం పడుతనే ఉన్నం గదా" అన్నాను.

ఆ మనిషి చెప్పులు పక్కన విడిచి, ఆ గట్టినేల మీద నాలుగడుగులు పరుగెత్తి తలకిందులుగా పడ్డాడు. పడ్డాడు అనుకున్నాను. భుజం మీదుగా చక్రంలాగా దొర్లి లేచి నిలబడి, అంగీ దులుపుకున్నాడు. చప్పుడు కూడా కాలేదు.

అతని పేరు రాజేశం. మేడిపల్లి గౌడ్ల ఇంటివాడు. తండ్రి తాటిచెట్టు మీంచి పడి మంచానికే పరిమితమయ్యాడు. కొడుకు చెట్టెక్కే మోకు ముట్టనని మొండికేసి, ఏజెంటును పట్టుకుని గల్ఫుకు పోయాడు. కంపెనీ మూతపడితే తిరిగొచ్చాడు. మళ్లీ వీసా వచ్చేదాకా పనిలేదు. పనిలేదు కనుక మా గోడ మీద కూర్చున్నాడు.

మరునాడు హెడ్మాస్టరు గారి దగ్గరికి పోయి, పిల్లలకు సాయంత్రం పడడం నేర్పిస్తామని అనుమతి అడిగాను. ఆయన రిజిస్టరు మీంచి తల ఎత్తకుండానే అన్నాడు:

"పడుడు గూడ నేర్పాల్నా? మన పిల్లలకు పుట్టుకతోనే అచ్చింది. పదో తరగతి రిజల్టు సూడుర్రి."

కాని అనుమతి ఇచ్చాడు. తనకు ఖర్చు లేని ఏ పనికైనా ఆయన అనుమతి ఇచ్చేవాడు. కొత్తగా చేరేవాళ్లు ఈ రకం పై అధికారిని తిట్టుకోకండి. ఆసక్తి ఉన్న అధికారికంటే ఇతను వందరెట్లు మేలు.

జపాన్ సాబు

రాజేశంకు ఈ విద్య ఎక్కడిదని అడిగాను. చెప్పాడు.

గల్ఫులో అతను కంపెనీ ఆఫీసర్ల క్లబ్బులో చాయ్ ఇచ్చే హెల్పరు. అక్కడ ఒక జపాన్ ఇంజనీరు సాయంత్రాలు తోటి ఆఫీసర్లకు ఐకిడో నేర్పేవాడు. ఒకరినొకరు పడేస్తూ నేర్చుకోవాలి. వచ్చిన చిక్కల్లా అక్కడే. అసిస్టెంటు మేనేజరు మేనేజరును ఎట్లా పడేస్తాడు? పడేస్తే ఇంక్రిమెంటు ఎట్లా వస్తుంది? మేనేజరు అసిస్టెంటును పడేస్తే అతను మొహం మాడ్చుకుంటాడు. ఎవరికీ పగ రాకుండా, ఎవరి హోదా తగ్గకుండా పడడానికి ఒక మనిషి కావాల్సి వచ్చాడు. చుట్టూ చూస్తే ట్రే పట్టుకుని రాజేశం ఉన్నాడు.

"రా రా అని పిలిచిండ్రు సారూ. ట్రే కిందవెట్టి పోయిన. ఒకడు చెయ్యివట్టి తిప్పిండు. ధబేల్మని పడ్డ. నడుం పోయిందనుకున్న. సాబ్‌కు కోపమచ్చింది. నా మీద గాదు, ఆళ్ల మీద. మొదలు గీనికి పడుడు నేర్పాలె, గటెన్క కింద ఎయ్యాలె అన్నడు. ఇగ సాబే దగ్గరుండి నేర్పిండు."

"నీకు ఆయన భాష ఎట్ల తెలిసె?"

"భాషెందుకు సారూ? ఆయన పడి సూపెడుతుండె. గంత పెద్ద ఇంజనీరు, నా ముంగట పడుతుండె."

ఆ జపాన్ ఇంజనీరు పేరు రాజేశంకు తెలియదు. అందరూ సాబ్ అంటారు కనుక ఇతనూ సాబ్ అన్నాడు. కాబట్టి మా పరంపరలో మొదటి గురువు పేరు జపాన్ సాబు. గోత్రం అడిగేవాళ్లకు నేను చెప్పగలిగింది అంతే.

మాకొక యూనిఫారం ఉండాలని, ఐకిడోలో పెద్దలు వేసుకునే వెడల్పు పైజామా ఒకటి రాజేశంకు కుట్టించాను. కోరుట్ల దర్జీ టేపు మెడలో వేసుకుని చాలాసేపు ఆలోచించి అడిగాడు: "సారూ, గిది ఆడోళ్లదా, మొగోళ్లదా? ముందు గది చెప్పుర్రి, గటెన్క కత్తెర వెడుత."

జగిత్యాల సభ

రాజేశం పాఠం ఇట్లా సాగేది: "ఎదుటోడు గిక్కడ చెయ్యి వట్టుకుంటడు. గిట్ల తిప్పుతడు. ఇగ నువ్వు గిట్ల పో." పిల్లలు అట్లా పోయేవారు. ముందుకు, వెనుకకు, పక్కకు, గాలిలో ఒక మలుపు తిరిగి. చూడముచ్చటగా ఉండేది.

"ఎదుటోడు ఎట్ల తిప్పుతడు రాజేశం?" అని ఒకసారి అడిగాను.

"గది ఎదుటోని పని గద సారూ."

ఆ మాట జపాన్ వేదాంతం అనుకుని ఆ రాత్రి శ్రద్ధగా డైరీలో రాసుకున్నాను. నేను డ్రిల్లు సారును. కబడ్డీ తెలుసు, వాలీబాల్ తెలుసు. జపాన్ తెలియదు.

ఏడాది తిరిగేసరికి జగిత్యాలలో యువజనుల సభ ఒకటి పెట్టారు. ముఖ్య అతిథిగా ఒక నాయకుడు. కరాటే స్కూళ్లన్నీ వచ్చాయి. అప్పట్లో కరాటే అంటే పెంకులు పగలగొట్టడమే. తలతో, చేతితో, మోచేతితో. ఒకతను పొట్ట మీద బండరాయి పెట్టించుకుని సుత్తెతో కొట్టించుకున్నాడు. పెంకు మనిషి మీద ఎప్పుడు దాడి చేసిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ పెంకులు ముందురోజు నీళ్లలో నానబెట్టి ఎండబెట్టినవని తెలిసినవాళ్లంతా వేదిక మీదే ఉన్నారు.

మా వంతు వచ్చింది. మా పిల్లలు ఇద్దరు ఎదురెదురుగా నిలబడ్డారు. వంగి నమస్కరించుకున్నారు. ఒకడు ముందుకు వచ్చి రెండోవాడి మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్నాడో లేదో, ఇద్దరూ ఒకేసారి గాల్లోకి లేచి, వాడటు వీడిటు పడి, చక్రాల్లా దొర్లి లేచారు. మళ్లీ నమస్కారం. ఈసారి రెండోవాడు మొదటివాడి మణికట్టు పట్టుకున్నాడు. మళ్లీ ఇద్దరూ పడ్డారు.

వెనుక వరుసలో ఎవరో ముసలాయన గట్టిగా అడిగాడు: "అరే, ఎవ్వలు ఎవ్వలను ఏసిండ్రు?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర కూడా లేదని అప్పుడు తెలిసింది. కాని నాయకుడు మైకు అందుకున్నాడు. నాయకులకు జవాబు లేని ప్రశ్న ఉండదు.

"గెలుపోటములు లేని గొప్ప విద్య ఇది! ఇద్దరు గల్సి పడుడు, ఇద్దరు గల్సి లేసుడు. మా పార్టీల గూడ గిదే నడుస్తున్నది!"

చప్పట్లు మోగాయి. మాకు మొదటి బహుమతి ఇచ్చారు. స్టీలు బిందె. కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోండి. బహుమతి వచ్చిన రోజే కూర్చుని తప్పు ఎక్కడుందో వెతకాలి. ఓడిన రోజు ఎట్లాగూ వెతుకుతాం.

తిరుగు ప్రయాణంలో బస్సులో బిందె ఒళ్లో పెట్టుకుని రాజేశం పక్కన కూర్చున్నాను.

"నిజం చెప్పు. నువ్వు ఎన్నడన్న ఎవన్నన్న ఏసినవా?"

అతను కిటికీ లోంచి చూస్తూ ఉన్నాడు. తర్వాత అన్నాడు: "సారూ, చాయ్ దెచ్చేటోడు సాబులను ఎట్ల ఏస్తడు? నన్నెవ్వలన్న ఎయ్యనిస్తే గద ఏసుడు తెలిసేది?"

రాజేశం మేడిపల్లి స్టేజీ రాగానే లేచి నిలబడి, బిందె మీద ఒకసారి వేలితో కొట్టి అన్నాడు: "గని నా లెక్క పడేటోడు గా దేశంలనే లేడు సారూ. సాబ్‌ను అడుగుర్రి."

సగం విద్యతో స్కూలు నడపడం మోసం కదా అని మీరు అడగవచ్చు. నన్ను నేనే అడిగాను. కాని అతను వచ్చిన తర్వాత నా మైదానంలో ఏ పిల్లవాడికీ ఎముక విరగలేదు. పూర్తి విద్య వచ్చిన స్కూళ్లలో పిల్లలు భుజాలకు కట్లు కట్టుకుని తిరుగుతుంటే నేను నా కళ్లతో చూశాను.

బెల్టు కంటే ముందు వీసా

కోరుట్ల చుట్టుపక్కల ఆ ఏళ్లలో బోర్లు ఎండిపోయాయి. ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుట్టేవారు, మగపిల్లలు పాస్‌పోర్టు కోసం ఎదురుచూసేవారు. మా స్కూల్లో పసుపు బెల్టు వచ్చేసరికి పాస్‌పోర్టు వచ్చేది. ఆకుపచ్చ బెల్టుకు మెడికల్ పరీక్ష. ఆ పైన వీసా. నల్ల బెల్టు దాకా ఆగిన మగపిల్లవాడు ఒక్కడూ లేడు. ఇతర మాస్టర్లు తమ శిష్యులు రాష్ట్రస్థాయికి వెళ్లారని గోడల మీద రాయించుకునేవారు. నా శిష్యులంతా అంతర్జాతీయ స్థాయికి వెళ్లారు, ఇటుకలు మోయడానికి.

ఒకడు దుబాయి నుంచి ఫోను చేశాడు. పరంజా మీంచి కాలు జారిందట. దొర్లి లేచాడట. "రాజేశం సారుకు చెప్పుర్రి, నేను మంచిగ పడ్డనని" అన్నాడు. ఇంకొకడు చాలా ఎత్తు మీంచి పడ్డాడు. వాడు పెట్టెలో వచ్చాడు. ఆ పెట్టె వచ్చిన రోజు రాజేశం వాడి ఊరు బీర్పూర్ దాకా వచ్చి, వాళ్ల వాకిట్లోకి మాత్రం రాలేక రోడ్డు మీదే నిలబడిపోయాడు.

"మా అయ్య పడ్డ ఎత్తుకు గూడ నా పడుడు పనిచెయ్యది సారూ" అన్నాడు.

పిల్లలకు ఆత్మరక్షణ నేర్పుతామని ఊళ్లన్నీ ఫ్లెక్సీలు కట్టే మాస్టర్లకు నేను చెప్పేది ఇదే. మీ విద్య ఎంత ఎత్తు వరకు పనిచేస్తుందో ముందు చెప్పండి. 'మూడు నెలల్లో సంపూర్ణ ఆత్మరక్షణ' అని రాసేవాడు అబద్ధాలు చెప్తున్నాడు. అతన్ని నమ్మి అమ్మాయి చీకట్లో ఒంటరిగా నడిస్తే, అప్పుడు ఆ ఫ్లెక్సీ వచ్చి కాపాడదు.

సాంచలు పోయిన షెడ్డు

నన్ను సిరిసిల్లకు బదిలీ చేశారు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచలు అంటారు. వీధిలో నడుస్తుంటే రెండు వైపులా వాటి చప్పుడే వినపడాలి. నేను పోయేసరికి సగం వీధులు చప్పుడు లేకుండా ఉన్నాయి. సాంచలను విప్పి పాత ఇనుము కింద తూకానికి అమ్ముతున్నారు. మనుషులు మహారాష్ట్రలో మరమగ్గాలుండే భీవండికి బస్సు ఎక్కుతున్నారు. పొద్దెక్కినా తలుపు తీయని ఇల్లు కనపడితే ఇరుగుపొరుగు ఒకరి మొఖం ఒకరు చూసుకునే కాలం అది. ఆ సంగతి ఇంతకంటే రాయను.

సాయంత్రం తరగతులకు జాగా వెతుకుతుంటే ఒక ఆసామి తన ఖాళీ షెడ్డు చూపించాడు. ఆసామి అంటే సేటు దగ్గర నూలు తెచ్చుకుని సొంత సాంచల మీద బట్ట నేసి ఇచ్చేవాడు. ఇతని సాంచలు అప్పటికే పోయాయి. నేల మీద వాటి కాళ్ల గుర్తులు నూనె మరకలుగా మిగిలాయి.

"కిరాయి ఎంత?" అని అడిగాను.

"కిరాయి ఏం వద్దు సారూ. సప్పుడు లేకుంటే నిద్ర వడుతలేదు. పిల్లలనన్న ధబధబ పడనియ్యిర్రి."

అతని కూతురే స్వరూప. అప్పుడు ఇంటర్ చదువుతోంది. మాకు కావాల్సిన పరుపులు స్వరూప, వాళ్లమ్మ కలిసి కుట్టారు. పైన అమ్ముడుపోని పాలిస్టర్ గుడ్డ, లోపల సాంచల కింద మిగిలిన తెగిన దారాలు. పడితే మెత్తగానే ఉండేవి, కాని ప్రతి పడుడుకూ ఇంత దుమ్ము లేచేది. మా తరగతిలో ఐకిడో కంటే దగ్గు ఎక్కువ వినపడేది.

రాజేశం ఆదివారం ఆదివారం వేములవాడ మీదుగా బస్సులో వచ్చి నేర్పేవాడు. మిగిలిన రోజులు స్వరూపే పిల్లల చేత పడడం సాధన చేయించేది. ఒక ఆదివారం ఆమె రాజేశంను నిలబెట్టి, మణికట్టు పట్టుకుని ఏదో చేసింది. అతను గాల్లో తిరిగి పడ్డాడు. లేవకుండా అట్లాగే పడుకుని పైకప్పు చూస్తూ, "సాబ్!" అన్నాడు. "అచ్చం సాబ్ ఏసినట్టె ఉన్నది! ఎక్కడ నేర్చినవే బిడ్డా?"

"మీ దగ్గర్నే సార్."

"నాకే రాదు గదనే?"

"మా బాపు బట్ట మీద తప్పు సూసి, సాంచల ఏ దారం తెగిందో చెప్పుతుండె సార్. గట్లనే. మీరు పడేటప్పుడు ఎటు వంగుతున్నరో సూసిన. గటు వంగాల్నంటే ఏసేటోడు ఎటు తిప్పి ఉండాలె? గది ఎన్కకు ఎన్కకు నడిస్తె దొరికింది."

ఆ రోజు నుంచి మా స్కూల్లో పడేవాడూ, పడేసేవాడూ విడివిడిగా తయారయ్యారు. తరగతి మొదట్లో చెప్పే దండకం కూడా స్వరూపే కట్టింది: "జపాన్ సాబుకు దండం. రాజేశం సారుకు దండం. పరుపుకు దండం." నా పేరు లేదేమని అడగాలనిపించింది. అడగలేదు. నేను పరుపులో ఉన్నాననుకున్నాను.

గ్రాండ్‌మాస్టర్

తర్వాత కొన్నేళ్లకు రాజేశం మళ్లీ మస్కట్ పోయాడు, వాచ్‌మన్ పనికి. ఆ వయసులో పోవడమేమిటని అడిగితే, "కూసునే పనే గద సారూ, పడేది లేదు" అన్నాడు. స్వరూప డిగ్రీ అయింది. ఆడపిల్లల హాస్టల్లో ఆత్మరక్షణ శిక్షకురాలి పోస్టు పడింది. ఆ ఉద్యోగం రాకపోతే తండ్రి భీవండిలో కూలికి సాంచ నడపడానికి సిద్ధమయ్యాడు. సంచి కూడా సర్దుకున్నాడు. సొంత సాంచలు నడిపినవాడు వేరేవాడి సాంచ కింద నిలబడడం ఎట్లా ఉంటుందో సిరిసిల్లవాళ్లకు చెప్పనక్కర్లేదు.

హాస్టలు అధికారిణి స్వరూపను అడిగిన మొదటి ప్రశ్న మీరు ఊహించే ఉంటారు. "మీ గురువు ఎవరు? గుర్తింపు ఉన్నాయనేనా?"

జపాన్ సాబు అంటే ఆమె నవ్వింది. గుర్తింపున్న గురువు దగ్గర నల్ల బెల్టు తెచ్చుకుంటే చూస్తామంది.

గుర్తింపున్న గురువు జగిత్యాలకు మూడు నెలలకోసారి హైదరాబాదు నుంచి వచ్చేవాడు. అందరూ గ్రాండ్‌మాస్టర్ అనేవారు. మొదటిసారి చూసినప్పుడు ఆయన కార్డు మీద మాస్టర్ అని ఉండేది. తర్వాత సీనియర్ మాస్టర్, తర్వాత గ్రాండ్‌మాస్టర్. ఆయన నేర్చుకున్నది పెరిగినట్టు కనపడలేదు, కార్డు వెడల్పు మాత్రం పెరిగింది. ఆయన వెంట ఒక పెద్ద ఫ్లెక్సీ ఎప్పుడూ వచ్చేది. ఐకిడో వంశవృక్షం. పైన గడ్డం ఉన్న ఒక జపాన్ పెద్దాయన. ఆయన దగ్గర్నుంచి లావుపాటి బాణం గుర్తు సూటిగా కిందికి దిగి, దండలు వేసుకున్న గ్రాండ్‌మాస్టర్ బొమ్మ దగ్గర ఆగేది.

"మధ్యలో ఎవరూ లేరా సార్?" అని అడిగాను.

"ఉన్నరు. ఆళ్లు చిన్నోళ్లు. ఫ్లెక్సీల జాగ సరిపోలె."

స్వరూపను తీసుకుపోతే ఆమె విద్య ఆయనకు నచ్చింది. తన వృక్షంలో ఒక కొమ్మ ఇస్తానన్నాడు. ఒక షరతు. పరీక్షనాడు సభలో మైకు ముందు గురువు పేరు చెప్పడం ఆయన దగ్గర ఆచారం. అక్కడ ఆయన పేరు ఒక్కటే చెప్పాలి. రాజేశం పేరు, జపాన్ సాబు ముచ్చట ఎన్నడూ ఎక్కడా ఎత్తకూడదు.

"క్యాంపుల చాయ్ అమ్మినోడు గురువేంది సార్? రేపు జపానోళ్లకు తెలిస్తే మన ఇజ్జత్ ఏమైతది?"

"చాయ్ అమ్మలేదు, ఇచ్చిండు" అన్నాను. ఆ తేడా ఆయనకు పట్టలేదు.

ఇంటికొచ్చి స్వరూప మస్కట్‌కు ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను. సంగతంతా చెప్పింది. అటువైపు రాజేశం నవ్వడం నాకు కూడా వినపడింది.

"చెప్పకు బిడ్డా, నా పేరు ఏడ చెప్పకు. పడ్డోని పేరు ఎవ్వలన్న చెప్పుతరా? ఏసినోని పేరే చెప్పుతరు. పో, ఆయన పేరే గట్టిగ చెప్పు. మీ బాపును బస్సెక్కనియ్యకు."

ఆమె ఫోను పెట్టేసి, వాకిట్లో ఉన్న తండ్రి సంచి వైపు చాలాసేపు చూసింది.

పరీక్ష

జగిత్యాలలో ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకుని పరీక్ష పెట్టారు. ముందుగా గ్రాండ్‌మాస్టర్ స్వయంగా స్వరూపను పడేశాడు. ఆమె పడింది, లేచింది. మళ్లీ పడేశాడు. మళ్లీ లేచింది. ఆమె ముఖంలో అలుపు లేదు, ఆయనకు చెమట పట్టింది. రాజేశం శిష్యురాలిని పడేసి అలసిపోనివాణ్ని నేను ఇంకా చూడలేదు.

తర్వాత ఆమె వంతు. ఆయన తన పెద్ద శిష్యుణ్ని నిలబెట్టాడు. కండలు తిరిగిన మనిషి. అన్నేళ్లుగా అందరినీ పడేస్తూనే ఉన్నాడు తప్ప, తాను పడే అవసరం ఏనాడూ రానివాడు. స్వరూప మెల్లగానే తిప్పింది. అతను వడ్ల బస్తా లారీ మీంచి జారినట్టు జారి, వీపు పట్టుకుని మూలిగాడు. తల నేలకు తగలకుండా ఆమె అతని కాలరు పట్టుకుని ఆపింది కనుక సరిపోయింది.

"టైల్సు జారుతున్నయ్" అని గ్రాండ్‌మాస్టర్ ప్రకటించాడు.

అప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. మాకు పడడం వచ్చు, పడేయడం తర్వాత వెతుక్కున్నాం. వీళ్లకు పడేయడం వచ్చు, పడడం ఇంకా వెతుక్కోలేదు. వెతకరు కూడా. పడడం హోదాకు తగ్గ పని కాదు కదా. గల్ఫు క్లబ్బులోని మేనేజర్లే జగిత్యాల దాకా వచ్చారన్నమాట.

నల్ల బెల్టు నడుముకు కట్టి, మైకు ఆమె ముందు పెట్టారు. "చెప్పమ్మా, నీ గురువు ఎవరు?"

ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఏది చెప్పమని సైగ చేయాలో నాకు తెలియలేదు. ఆమె గ్రాండ్‌మాస్టర్ పేరు చెప్పింది. బిరుదులన్నీ కలిపి, తడబడకుండా, హాలు చివరిదాకా వినపడేట్టు చెప్పింది. ఆయన సంతోషం పట్టలేక వంశవృక్షం ఫ్లెక్సీని ఆమెకే బహుమతిగా ఇచ్చేశాడు. "మీ హాస్టల్ల పెద్దగ కట్టుర్రి" అన్నాడు.

బస్సులో ఆమె చుట్టిన ఫ్లెక్సీ నిలువుగా కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. వేములవాడ దాటాక ఒక్కమాట అంది: "రాజేశం సారు పడ్డంక లేస్తడు గద సార్." నాకు చెప్పిందో, తనకు తాను చెప్పుకుందో తెలియదు.

ఉద్యోగం వచ్చింది. తండ్రి సంచి విప్పాడు.

హాస్టల్లో

చేరిన వారానికి వచ్చి చూసిపొమ్మని స్వరూప ఫోను చేస్తే వెళ్లాను. హాలు గోడలన్నీ వెతికాను. ఫ్లెక్సీ ఎక్కడా కట్టలేదు. ఆడపిల్లలు వరుసగా నిలబడి ఒక్క గొంతుతో మొదలుపెట్టారు:

"జపాన్ సాబుకు దండం. రాజేశం సారుకు దండం. పరుపుకు దండం."

అవి మా పాత పరుపులే. తండ్రి ట్రాలీ ఆటోలో వేసి పంపాడట. పిల్లలు పడడం మొదలుపెట్టారు. అంతమంది పడుతున్నా దుమ్ము లేవడం లేదు, ఎవరూ దగ్గడం లేదు. దగ్గరికి పోయి చూస్తే పరుపుల మీద తెల్లగా, నున్నగా ఒక పట్టా బిగించి కట్టి ఉంది. అంచు ఎత్తి చూశాను. లావుపాటి బాణం గుర్తు కనపడింది.

స్వరూప నా వెనుక నిలబడి ఉంది. "బొమ్మ కిందికే ఏసిన సార్. మొఖం మీద పడుతే పాపం గద" అంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నా దగ్గర పెద్ద ఉపదేశాలు లేవు. ఎవరైనా మాస్టర్ దగ్గర చేరాలనుకుంటే ఆయన గోడ మీద ఎవరి బొమ్మలున్నాయో చూడకండి. ఒకసారి పడి చూపించమని అడగండి. పడ్డాక ఆయన లేచేది చూసి, అప్పుడు చేరండి.

ఆ సాయంత్రం నేను ఇంకా హాస్టలు గేటు దాటకముందే మస్కట్ నుంచి ఫోను వచ్చింది. మైకులో ఎవరి పేరు చెప్పిందని రాజేశం అడగలేదు.

"సారూ, పిల్లలు మంచిగ పడుతున్నరా?"

"మస్తు పడుతున్నరు రాజేశం" అన్నాను. "కింద గ్రాండ్‌మాస్టర్ ఉన్నడు. దెబ్బ తగులది."